కవళ్ళ పులుసు తిన్నాక మాట్లాడండి

టీచరమ్మని అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా 'సెలవులకి సిక్కోలు వస్తున్నాం, ఏం చూడాలి, ఏం తినాలి' అన్నవే. మిగతావి మనసు బాగోక రాసినవి. ఒక ఉత్తరంలో మాత్రం రెండూ ఉన్నాయి. దానికే ఎక్కువ చోటు ఇచ్చేశాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: టీచరమ్మ గారికి వందనాలు. మాది శ్రీకాకుళం టౌనే. పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా నాన్న వీలునామా రాయకుండానే పోయారు. ఆ తరవాత మా తమ్ముడు 'అప్పకి పెళ్ళిలో ఇచ్చేశాం కదా' అని ఇల్లు మొత్తం తనదే అన్నాడు. మాటా మాటా పెరిగింది. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. ఈ క్రిస్మస్‌కి తప్పకుండా రమ్మని ఫోన్లో ఏడుస్తోంది. పెద్దదానికి పదమూడు, చిన్నాడికి తొమ్మిది, ఇద్దరికీ మన ఊరు సరిగ్గా తెలీదు. రెండ్రోజులు ఆ ఇంట్లోనే కూచోవాలంటే నాకు ఇప్పట్నించే టెన్షన్. పిల్లల్ని ఎక్కడ తిప్పను, ఏం తినిపించను? ఇంకోటి. మా పాస్టర్ గారు క్షమించెయ్యమ్మా అంటారు. వాడు ఒక్కసారి కూడా తప్పయిందని అనకుండా నేనే ముందు ఎందుకు క్షమించాలి?
— ఒక అప్ప, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు తిరుగుడు సంగతి తేల్చేద్దాం, అది తేలిక.

మొదటి రోజు గార మండలం దాటకండి. పొద్దున్నే ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఇడ్లీయో పూరీయో తినేసి బయల్దేరితే శ్రీకూర్మం, శాలిహుండం రెండూ తీరిగ్గా అయిపోతాయి. శ్రీకూర్మంలో విష్ణుమూర్తి తాబేలు రూపంలో ఉంటాడు. మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి, తలెత్తి నిదానంగా చూడాలి. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. మీ చిన్నాడు అక్కణ్ణించి కదిలితే గొప్పే. చర్చికెళ్ళేవాళ్ళం గుడికెళ్ళొచ్చా అని మీరు అడగలేదు గానీ ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిపిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి అక్కడికి తీసుకెళ్ళినదాన్నే. ఆదివారం ఆరాధనకి ఎప్పుడూ నాగా పెట్టలేదు. బొమ్మలు చూసినంత మాత్రాన ఎవరి విశ్వాసమూ కరిగిపోదు.

శాలిహుండం కొండ ఎక్కాలి. పైన బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు, కింద వంశధార. శాలి అంటే వరి. కొండ మీంచి చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో పిల్లలకి చెప్పక్కర్లేదు. ఈ చోటుని 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చారు. వాడుక భాష కోసం పోట్లాడిన ఆ గిడుగే. మంచినీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. దారిలో తంపటి వేసిన తేగలు కనిపిస్తే కొనండి, డిసెంబరు వాటి రోజులే. హైదరాబాద్ పిల్లలకి తేగ వలవడం రాదు, మీ అమ్మాయికి ఒకటి వలిచి చూపించండి.

రెండో రోజు మధ్యాహ్నం పిల్లల్ని వాళ్ళ నాన్నతో తేలినీలాపురం పంపండి. టెక్కలి దగ్గర, టౌను నించి యాభై కిలోమీటర్లు పైనే ఉంటుంది. సెప్టెంబరు ప్రాంతంలో పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడి చెట్ల మీదికి వచ్చి గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, మార్చి దాటాక వెళ్ళిపోతాయి. చెట్టు కింద నిలబడి పైకి చూసేటప్పుడు నోరు మూసుకోమని చెప్పండి. స్వానుభవం. ఓపికుంటే ఇంకాస్త ముందుకెళ్ళి పలాసలో జీడిపప్పు కొనుక్కోవచ్చు. కూరకైతే గుండు అక్కర్లేదు, బద్ద చాలు, ధర కూడా తగ్గుతుంది.

రెండో రోజు పొద్దున్న ఏమీ చెప్పలేదని గమనించారా? అది మీకూ మీ తమ్ముడికీ ఉంచాను.

ఇప్పుడు రెండో ప్రశ్న. నేనే ముందు ఎందుకు అన్నారు. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో, నీ మీద నీ సహోదరుడికి ఏదైనా కోపం ఉందని గుర్తొస్తే అర్పణని బలిపీఠం ముందే వదిలిపెట్టి నువ్వు వెళ్ళు అని ఉంది. పద్దెనిమిదో అధ్యాయంలో, నీ సహోదరుడే నీ పట్ల తప్పు చేస్తే నువ్వు వెళ్ళు అని ఉంది. తప్పు నాదైనా నేనే నడవాలి, వాడిదైనా నేనే నడవాలి. ఇదేం లెక్క అని నాకు చాలా ఏళ్ళు ఉక్రోషంగా ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది.

అయితే వెళ్ళేటప్పుడు మనం ఒక పొరపాటు చేస్తాం. తొమ్మిదేళ్ళ మాటలన్నీ వరసగా పేర్చుకుని, గుమ్మంలోనే అప్పజెప్పేస్తాం. యోహాను సువార్త చివరి అధ్యాయం ఒకసారి మళ్ళీ చదవండి. అంతకుముందు, యేసుని పట్టుకున్న రాత్రి, ఆయన శిష్యుడు పేతురు మూడుసార్లు ఆయనెవరో నాకు తెలీదని బొంకాడు. ఎక్కడ? ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో, చలి కాచుకుంటూ. ఆ తరవాత ఒక తెల్లవారుజామున తిబెరియ సముద్రం ఒడ్డున, నిప్పుల మీద చేపలు, పక్కన రొట్టె, యేసు. మన తెలుగు బైబిల్లో మొదటిచోట 'మంట' అనీ రెండోచోట 'నిప్పులు' అనీ ఉంటుంది గానీ, గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట వచ్చేది ఈ రెండు చోట్లే. తడిబట్టలతో నీళ్ళలోంచి నడిచొచ్చిన పేతురుకి ఆ పొగ వాసన ఏం గుర్తుచేసి ఉంటుందో ఊహించండి. ఆ రాత్రి ఎందుకలా అన్నావని ఆయన అడగలేదు. 'రండి భోజనము చేయుడి' అన్నాడు. 'వారు భోజనముచేసిన తరువాత' అప్పుడు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. అదీ మూడుసార్లు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు కూడా. అంటే సంగతి వదిలెయ్యలేదు. అన్నం మాత్రం ముందు పెట్టాడు.

నా సంగతి చెప్తాను. మా తోటికోడలూ నేనూ నాలుగేళ్ళు మాట్లాడుకోలేదు. మా అత్తగారి కాసులపేరు గొడవ. వాళ్ళది ఉద్దానంలో ఒక ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి తోటలూ జీడి తోటలూ నేలకి కొట్టేసింది. ఫోన్లు కలవలేదు. మా ఆయనా నేనూ బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్ళ క్యాన్లు పట్టుకుని బయల్దేరాం. చివర్లో దారికి అడ్డంగా పడిన చెట్లు దాటుకుంటూ నడిచే వెళ్ళాం. పెంకులు ఎగిరిపోయిన వంటింట్లో ఆవిడ చోడి అంబలి కాస్తోంది. నన్ను చూసి లేవలేదు. ఇంకో గిన్నె తీసింది, కొంగుతో తుడిచింది, అంబలి పోసి ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టింది. "ఉప్పు తడిసిపోయింది, సరిపోయిందో లేదో" అంది. నాలుగేళ్ళకి మొదటి మాట, ఉప్పు గురించి. "సరిపోయింది" అన్నాను. సరిపోలేదు.

కాసులపేరు మాట ఆర్నెల్ల తరవాత ఎత్తాం. సగం తేలింది, సగం తేల్లేదు. అది ఆవిడ దగ్గరే ఉంది. పండక్కి వేసుకొస్తే నాకు ఒక్క క్షణం కడుపులో రగులుతుంది. ఆ తరవాత విస్తళ్ళు వెయ్యడానికి ఇద్దరం కలిసే లేస్తాం.

ఇంకొకటి. క్షమించడమంటే వాటా రాసిచ్చేయడం కాదు. మీది క్రైస్తవ కుటుంబం కాబట్టి మీకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా తండ్రి పోతే భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకి సమానం. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. మీ ఇంట్లో అమ్మ, మీరు, తమ్ముడు, ముగ్గురికీ తలా మూడో వంతు వస్తుంది. తండ్రి బతికుండగా పిల్లలకి ఇచ్చింది ఆ లెక్కలోకి రాదని కూడా అదే చట్టంలో ఉంది. కాబట్టి పెళ్ళిలో ఇచ్చేశాం అన్న మాట నిలబడదు. కాయితాలు ఒక లాయరుకి చూపించుకోండి, పండగ వెళ్ళాక. ఏడుపొచ్చిన పూట ఏ కాయితం మీదా సంతకం పెట్టకండి. తరవాత మీ వాటా తమ్ముడికే ఇవ్వాలనిపిస్తే అప్పుడు ఇద్దురుగాని. అది మీ ఇష్టం.

ఇక రెండో రోజు పొద్దున్న. చీకటుండగానే తమ్ముణ్ణి లేపి "చేపలకి కళింగపట్నం వెళ్దాం, బండి తియ్యి" అనండి. వంశధార సముద్రంలో కలిసేచోటు, లైట్‌హౌస్ ఉంటుంది, చిన్నప్పుడు వెళ్ళే ఉంటారు. బండి వెనక కూచుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు, అదొక సుఖం. నీళ్ళలోకి దిగకండి, నది కలిసేచోట కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి కవళ్ళో కానాగంతలో దొరుకుతాయి. మిలమిలలాడేవి, కన్ను తేటగా ఉన్నవి ఏరండి. బేరం తమ్ముణ్ణే ఆడనివ్వండి.

పులుసు అమ్మ చేత పెట్టించండి. మీరు పక్కన కూచుని పొలుసు గీకండి. మట్టి దాకలో చింతపండు పులుసు బాగా మరిగాకే చేపలు వెయ్యాలి. వేశాక గరిటె పెట్టకూడదు, రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని దాకనే తిప్పాలి. మీ అమ్మకి చేతులు వణుకుతుంటే ఒక పక్క మీరు, ఒక పక్క తమ్ముడు పట్టుకోండి. అందరూ తిన్నాక, పిల్లలు పిట్టల్ని చూడ్డానికి వెళ్ళాక, ఇద్దరే డాబా మీదకెళ్ళి మాట్లాడుకోండి. ఇద్దరే. మత్తయి పద్దెనిమిదిలో 'ఒంటరిగా నున్నప్పుడు' అని స్పష్టంగా ఉంది. అంటే చుట్టాలెవరూ చుట్టూ ఉండకూడదు. నాకు ఇలా కష్టమేసిందిరా అని చెప్పండి. వాడు తప్పయిందనకపోవచ్చు. అనకపోయినా అమ్మ ఆ రాత్రి నిద్రపోతుంది. ఏమైందో నాకు రాయండి.

ప్రశ్న: స్నేహితుడికి నలభై వేలు అప్పిచ్చాను. ఎగ్గొట్టాడు. క్షమించేశానని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు మళ్ళీ పదివేలు అడుగుతున్నాడు. ఇవ్వకపోతే క్షమించనట్టేనా?
— రాజాం పాఠకుడు

జవాబు: ఇవ్వకండి.

యేసు చెప్పిన ఉపమానంలో రాజు తన పనివాడికి మాఫీ చేసిన అప్పు పదివేల తలాంతులు. ఒక తలాంతు ఆరువేల దేనారాలు, ఒక దేనారం రోజు కూలి. ఇప్పుడు రోజుకి మూడు వందలనుకుంటే 1,800 కోట్ల రూపాయలు. ఆ పనివాడు తన తోటివాణ్ణి గొంతు పట్టుకున్నది నూరు దేనారాలకి, అంటే 30 వేలకి. ముప్పై వేలు ఏమీ కాదని యేసు అనలేదు, వంద రోజుల చెమట అది. మీ నలభై వేలూ అంతే. అది పోయిందని తెలిసే మీరు వదిలేశారు, సంతోషం. మళ్ళీ అప్పివ్వమని ఆ ఉపమానంలో ఎక్కడా లేదు. ఇంట్లో బియ్యం లేవంటే ఒక బస్తా వేయించండి, అప్పు రాసుకోకుండా. అన్నట్టు, ఆ సాక్ష్యంలో అతని పేరు చెప్పారా? చెప్పుంటే ముందు మీరే వెళ్ళి అతనికి క్షమాపణ చెప్పాలి.

ప్రశ్న: మా నాన్నగారికి పొందూరు ఖద్దరు పంచె కొనాలి. నూలు వడకడం చూడొచ్చా? అక్కడ చేప పళ్ళతో పత్తి దువ్వుతారని మా బామ్మ చెప్పేది, నిజమేనా?
— విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: నిజమేనమ్మా. వాలుగ చేప దవడ ఎముక. దాని మీద సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి, దువ్వెనకంటే మెత్తన. గింజ పట్టుకుని దాని చుట్టూ ఉన్న దూదిని ఆ పళ్ళతో దువ్వితే నలకా మట్టీ పోయి పోగు తిన్నగా అవుతుంది. చేసేది ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళే. విజయనగరంలో ప్యాసింజరు ఎక్కితే పొందూరు స్టేషన్లోనే దిగొచ్చు. ఫోన్ బయటికి తీసేముందు ఒక మాట అడగండి, కాసేపు పక్కన కూచోండి. నేను వెళ్ళినప్పుడు ఒక మామ్మ నా చేతికి ఆ దవడ ఇచ్చి దువ్వమంది. గింజ జారి ఒళ్ళో పడింది. "పంతులమ్మవి, బడికే పో" అని నవ్వింది.