ఇంటర్ మార్కుల గురించి మేనకోడలికి ఉత్తరం

అమలాపురం

అమ్మలూ,

ఫస్టియర్ మార్కులు తగ్గాయని నువ్వు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని మీ అమ్మ ఫోన్ చేసి బాధపడింది. మార్కులు పెంచుకోడానికి మళ్లీ ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాయిస్తే మెడికల్ సీటుకి పనికొస్తుందా అని అడిగింది. ముప్ఫై ఏళ్లు బైపీసీ పిల్లలకి బోటనీ చెప్పినవాణ్ణి కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

మీ అమ్మ భయం ఎంసెట్ రోజుల నాటిది. మా పెద్దాడు ఎంసెట్ రాసినప్పుడు ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. రెండు మార్కులు తగ్గినా ర్యాంకు కిందికి పోయేది. ఇంట్లో అందరికీ అదే టెన్షన్. 2017 నుంచి మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీటుకి నీట్ ర్యాంకే లెక్క. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో సీటు కావాలన్నా, వేరే ఊళ్లో కావాలన్నా అంతే. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పాసై, మూడూ కలిపి 50 శాతం ఉంటే చాలు. బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 40. అది దాటాక 60 వచ్చినా 98 వచ్చినా కౌన్సెలింగ్‌లో తేడా లేదు. అందుకని సీటు కోసమే అయితే ఇంప్రూవ్‌మెంట్ వద్దు. ఆ రోజులు ఫిజిక్స్‌కి పెట్టు.

అమెరికాలో మీ పిన్ని కూతురు ఒక్క బీ గ్రేడ్‌కి ఏడ్చిందని విని నువ్వూ భయపడ్డావట. దాని లెక్క వేరమ్మా. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే మెడిసిన్. ఎమ్‌క్యాట్ అని అక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష, ఆ స్కోరుతో పాటు జీపీఏ, అంటే డిగ్రీ గ్రేడ్ల సగటు కూడా చూస్తారు. సైన్సు, లెక్కల సబ్జెక్టులకి విడిగా ఇంకో జీపీఏ కడతారు. తక్కువ గ్రేడ్ వచ్చిన సబ్జెక్టు మళ్లీ చదివినా, చాలా కాలేజీలకి వెళ్లే ఉమ్మడి దరఖాస్తులో పాత గ్రేడూ కొత్త గ్రేడూ రెండూ కలుస్తాయి. మొదటి ఏడాది పొరపాటు చివరిదాకా వెంట వస్తుంది, పాపం. నీకు ఆ బాధ లేదు.

ఇక నీ పని. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, అందులో సగం బయాలజీవే. రైటుకి 4, తప్పుకి మైనస్ 1. అంటే జవాబు తెలిసిన ప్రశ్న తప్పు పెడితే 5 మార్కుల తేడా. నా దగ్గర చదివిన ఒకమ్మాయి కిరణజన్య సంయోగక్రియ నిద్రలో లేపి అడిగినా చెప్పేది. మాక్ టెస్ట్‌లో 'సరికానిది ఏది' అని అడిగితే సరైనది గుర్తించి వచ్చేది. ఒకటి కాదు, ఒక్క పేపర్లో ఆరు. అంటే 30 మార్కులు! ఆ రోజు నుంచి ప్రశ్న చదవగానే 'సరికానిది' అన్న మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టించాను. నెల తిరిగేసరికి ఆ తప్పులు పోయాయి. నువ్వూ అలాగే చెయ్యి. బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వదలకు, బొమ్మల కింద రాసిన వాక్యాలతో సహా చదువు.

ముందు అన్నం తిను. ఆదివారం వచ్చేటప్పుడు ఇప్పటిదాకా రాసిన మాక్ పేపర్లన్నీ పట్రా. ఎన్ని వచ్చాయో నాకక్కర్లేదు, తప్పు పెట్టినవి మాత్రం ఒక్కొక్కటీ చూద్దాం.

మీ మావయ్య