మున్సిపాలిటీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, పాత మెయిల్స్ డిలీట్ చేసేయొచ్చా?

కొత్తగా జూనియర్ అసిస్టెంట్‌గా చేరానని, కమిషనర్ గారి ఆఫీసు మెయిల్‌లో స్పేస్ అయిపోయిందని, "పాతవన్నీ తీసేయ్" అని పైనుంచి చెప్పారని రాశారు. మెయిల్స్ ఎన్నేళ్లు ఉంచాలో రూల్ ఏదైనా ఉందా అని అడిగారు. మున్సిపల్ ఆఫీసుల్లో సెక్షన్ క్లర్కుగా చేరి మేనేజర్‌గా రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు "మెయిల్‌కి ఇన్నేళ్లు" అని వెతకడం మానేయండి. మెయిల్ కూడా తపాలే. పోస్ట్‌మ్యాన్ తెచ్చాడా, ఇన్‌బాక్స్‌లో పడిందా అన్నది కాదు, అందులో ఏ విషయం ఉందో చూడాలి. ఆ విషయం ఏ ఫైలుదో, ఆ ఫైలు డిస్పోజల్ (పని ముగిశాక ఎన్నేళ్లు ఉంచాలో చెప్పే గుర్తు) దానికీ వర్తిస్తుంది. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఏడాది. కౌన్సిల్ తీర్మానం తాలూకు మెయిల్‌ని ముట్టుకోకూడదు. "రేపటి మీటింగ్ నాలుగింటికి మారింది" అన్నదానితో ఎల్లుండికే పని ఉండదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కాగితం వస్తే డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, కరెంట్ నంబర్ (ఆ తపాలుకిచ్చే వరస నంబర్) పడుతుంది, సెక్షన్ వాళ్ల పర్సనల్ రిజిస్టర్‌లోకి వెళ్తుంది. పోతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. మెయిల్‌ని మాత్రం ఒకరు ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకుంటారు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో డ్రైన్ పని జరిగింది. గడువు పొడిగించమని కాంట్రాక్టర్ మెయిల్ పెట్టాడు, అదీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి సొంత జీమెయిల్‌కి. ఆయన "సరే, కానివ్వండి" అని రిప్లై కూడా ఇచ్చారు. తర్వాత బదిలీ మీద వెళ్లిపోయారు. ఆలస్యమైందని బిల్లులో పెనాల్టీ కోసేసరికి కాంట్రాక్టర్ కోర్టుకెక్కాడు. అతని చేతిలో ప్రింటవుట్ ఉంది. మా నోట్ ఫైల్లో (నిర్ణయాలు రాసి సంతకాలు తీసుకునే చోట) ఆ పొడిగింపు ఊసే లేదు. "ఈ మెయిల్ మీ ఆఫీసు వాళ్లు ఇచ్చిందేనా, కాదా?" అని మా వకీలు గారు అడిగితే అవునని చెప్పలేం, కాదని చెప్పలేం. ఏఈ గారికి ఫోన్ చేస్తే ఆ అకౌంట్ ఇప్పుడు తెరుచుకోవట్లేదన్నారు.

ఆ తర్వాత నేను ఎక్కడికెళ్లినా రెండు పట్టుబట్టి చేయించాను. రోజూ పొద్దున తపాలు విప్పేటప్పుడే హోదా పేరు మీదున్న మెయిల్ కూడా తెరిచి, పనికొచ్చే ప్రతిదానికీ అదే రిజిస్టర్‌లో నంబర్ వేయించడం ఒకటి. ఆఫీసర్ బదిలీ అయితే ఆ మెయిల్ ఐడీని చార్జ్ లిస్టులో (కొత్తగా వచ్చినవారికి అప్పగించేవాటి జాబితాలో) రాసి, అప్పగించాక పాస్‌వర్డ్ మార్పించడం రెండోది. సొంత మెయిల్‌కో వాట్సాప్‌కో వచ్చినది అదే రోజు ఆఫీసు ఐడీకి పంపించుకోవాలి. వాట్సాప్ గ్రూపులో సార్ "ఓకే" అన్నది ఆర్డర్ కింద చెల్లుతుందనుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు! నోట్ ఫైల్లో ఎక్కించి సంతకం తీసుకోండి.

ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాం కదా, ఒరిజినల్ ఎందుకని చాలామంది అంటారు. ఐటీ చట్టం, 2000 ఏడో సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు మళ్లీ తెరిచి చూసేలా ఉండాలి, ఎవరు ఎవరికి ఏ తేదీన ఎన్ని గంటలకు పంపారో తెలియాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కోర్టుకిచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ (ఫైలు నుంచి కంప్యూటర్ లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. అసలు ఫైలే లేకపోతే ఆ వాల్యూ దేనికి తీస్తారు? అందుకే ముఖ్యమైన మెయిల్‌ని అటాచ్‌మెంట్లతో సహా ఈఎంఎల్ ఫైలుగా (మెయిల్‌ని ఉన్నదున్నట్టు దాచే .eml ఫైలు) సేవ్ చేసి, పేరులో కరెంట్ నంబర్ పెట్టండి.

సమాచార హక్కు చట్టం 20 ఏళ్లు దాచమంటోందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. ఆ 8(3) సెక్షన్ సమాచారం బయటపెట్టడం గురించి, ఫైళ్లు దాచడం గురించి కాదు. కానీ ఎవరైనా దరఖాస్తు పెట్టాక, అడిగిన సమాచారాన్ని మాయం చేస్తే రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా పీఐఓ (సమాచారం ఇవ్వాల్సిన అధికారి) జేబులోంచే పోతుంది. ఆడిట్ అభ్యంతరం తేలనివి, కోర్టు కేసు, విజిలెన్స్ ఎంక్వైరీ ఉన్నవి గడువు దాటినా కదిలించకండి.

ఇక మీ మెయిల్‌బాక్స్ సంగతి. సైజును బట్టి సార్ట్ చేసి చూడండి, స్పేస్ తినేది చాలావరకు శానిటేషన్ ఫొటోలు, ఒకే సర్క్యులర్ నాలుగైదు చోట్ల నుంచి వచ్చిన కాపీలే అయ్యుంటాయి. ఒక్కో కాపీ ఉంచి, మిగతావాటి లిస్టు వేసి, "వీటిని తొలగించుటకు అనుమతి కోరడమైనది" అని నోట్ పెట్టండి. నోటిమాట మీద ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. సంతకం పెట్టడానికి సార్ వెనకాడితే, స్పేస్ పెంచమని మెయిల్ సర్వీస్ చూసేవాళ్లకు లెటర్ డ్రాఫ్ట్ చేసి అదే ఫైల్లో పెట్టండి. దానికి మాత్రం వెంటనే సంతకం పడుతుంది.