విదేశంలో చదివే పిల్లలకు ఫీజు పంపేటప్పుడు ఏ పర్పస్ కోడ్ రాయాలి?

అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మీ అబ్బాయికి ఫీజు పంపబోతే బ్యాంకువాళ్లు ఏ2 ఫారంలో పర్పస్ కోడ్ రాయమన్నారు, అంతే కదా? డబ్బు దేనికోసం దేశం దాటుతోందో రిజర్వ్ బ్యాంకుకు తెలిపే గుర్తు అది. బయటికి వెళ్లే డబ్బుకు ‘ఎస్’తో, లోపలికి వచ్చేదానికి ‘పీ’తో మొదలవుతుంది.

అబ్బాయి అక్కడే ఉండి చదువుతున్నాడు కాబట్టి మీది ఎస్0305. ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చు కూడా ఇందులోకే వస్తుంది. ఎస్1107 పక్కన కూడా చదువు అనే ఉంటుంది, చాలామంది తికమకపడేది అక్కడే. అది ఇంట్లో కూర్చుని చేసే విదేశీ కరస్పాండెన్స్ కోర్సులాంటి వాటికి.

ఏదో ఒకటిలే అని గిఫ్ట్ కోడ్ ఎస్1302 మాత్రం పెట్టకండి. ఆర్థిక సంవత్సరంలో పంపింది 10 లక్షలు దాటితే, ఆ పై మొత్తం మీద గిఫ్టుకు 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. చదువుకైతే చాలా తక్కువ. బ్యాంకు ఎడ్యుకేషన్ లోనుతో కడితే 2025 ఏప్రిల్ నుంచి అసలు లేదు. పట్టుకున్నది ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది, నిజమే. కానీ అప్పటిదాకా అంత డబ్బు ఇరుక్కుపోతే టెన్షనే కదా!

అడ్మిషన్ లెటర్, ఫీజు ఇన్‌వాయిస్ తీసుకెళ్లండి, అడుగుతారు.