పట్టా పొలంలో నాటిన ఎర్రచందనం చెట్లను కొట్టి అమ్ముకోవచ్చా?

కొట్టవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే అటవీ శాఖ అనుమతి చేతికి రాకముందు చెట్టు మీద గొడ్డలి పడకూడదు, రవాణా పర్మిట్ లేకుండా దుంగ పొలం దాటకూడదు. మీ నాన్నగారు గట్ల వెంట నాటిన చెట్లను ఒక వ్యాపారి నిలువు మీదనే కొంటానని, కాగితాల సంగతి తానే చూసుకుంటానని అంటున్నట్లు రాశారు. రైల్వేకోడూరు వైపు మా కుటుంబానికి ఇదే పని పడింది కనుక, అప్పుడు తెలిసివచ్చిన సంగతులు చెబుతున్నాను.

ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, పాలకొండల వంటి తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లోనే. కొండలో దొంగతనంగా నరికిన దుంగకూ మీ గట్టు మీద పెరిగిన దుంగకూ చూపుకు తేడా తెలియదు. అందువల్ల 1967 నాటి అటవీ చట్టం గానీ, చందనం, ఎర్రచందనం రవాణాకు 1969లో చేసిన నియమాలు గానీ మననుంచి ప్రధానంగా కోరేది, ఆ చెట్టు మన భూమిలోదేనన్న రుజువు. 2016 సవరణతో శిక్షలు బాగా పెరిగాయి.

మేము పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరి పేర ఉందో చూపే రికార్డు), అడంగల్ (ఏ సర్వే నంబరులో ఏమి సాగవుతోందో రాసే రెవెన్యూ రికార్డు) నకళ్ళు, సర్వే నక్ష జతచేసి డివిజన్ అటవీ అధికారికి దరఖాస్తు పెట్టుకున్నాము. తరువాత రెవెన్యూ, అటవీ సిబ్బంది పొలానికి వచ్చి హద్దులు చూశారు. మొసలి వీపులా పగుళ్ళు తేలిన ఆ బెరడును ఛాతీ ఎత్తులో కొంచెం చెక్కి, పెయింటుతో నంబరు వేసి, టేపుతో చుట్టుకొలత తీసి ఒక్కొక్క చెట్టునూ రాసుకున్నారు. పక్క పొలంవారితో ఉమ్మడిగా ఉన్న గట్టు మీది చెట్టు ఎవరిదో తేలక దానిని జాబితాలోనే చేర్చలేదు. మీకూ అటువంటివి ఉంటే ముందే సర్వేయరుతో కొలిపించుకొని, పక్కవారితో రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. కొట్టిన తరువాత దుంగలను మళ్ళీ కొలిచి, సుత్తితో ముద్ర వేసి, ఆ లెక్క ప్రకారమే పర్మిట్ ఇచ్చారు.

ధర విషయంలో ఒక మాట. విలువంతా లోపలి ఎర్రటి చేవకే. పైనున్న తెల్లచెక్కను బాడిసెతో చెక్కేసిన తరువాత మిగిలేది చూస్తే, లావుగా కనిపించిన చెట్టు కూడా నిరాశపరచవచ్చు. వయసు చాలని చెట్లను తొందరపడి కొట్టించడం నష్టమేనని నా అభిప్రాయం.

ఇక మీ వ్యాపారి సంగతి. దరఖాస్తు మీ పేరనే, మీ చేతులతోనే పెట్టండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు, అసలు పాసుపుస్తకం అతనికి ఇవ్వకండి. మీ పర్మిట్ చాటున కొండ దుంగ ఒక్కటి లారీ ఎక్కినా, ఆ పర్మిట్‌లో ఉన్నది మీ పేరే కనుక విచారణ మీ గడపకే వస్తుంది. ఈ జాతి 1995 నుంచి సైటిస్ (ముప్పులో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉంది. సొంత భూమిలో పెంచిన కలప ఎగుమతికి 2019లో కేంద్రం వీలు కల్పించినా, అది లైసెన్సుతో జరిగే వ్యవహారం. అంతా సులువని చెప్పే మనిషిని ముందు ఆ లైసెన్సు చూపమనండి.

అన్నిటికంటే ముందు మీ అడంగల్‌లో ఈ చెట్లు నమోదై ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే వ్యాపారితో బేరం మొదలుపెట్టకముందే గ్రామ రెవెన్యూ అధికారి వద్ద నమోదుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి.