పాత పండుగ ఫోటో దొరికితే ముందు వెనక్కి తిప్పి చూడండి

"మీ ఊరి పండుగల పాత ఫోటోలు ఉన్నాయా? అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?" అని అడిగారు.

మాది కందుకూరు దగ్గర పల్లె. అన్నిటికంటే ఎక్కువసార్లు మారింది మా జిల్లానే. నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్ళం. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా చేసి మమ్మల్ని అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరుకే పంపించారు. దరఖాస్తులో జిల్లా పేరు రాసేటప్పుడు మా నాయన ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాడు.

ఇదెందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లో ఉన్న సంక్రాంతి ఫోటో వెనక స్టూడియో వాళ్ళ రబ్బరు స్టాంపు ఉంది: కందుకూరు, ఒంగోలు జిల్లా. కాబట్టి అది 1971 సంక్రాంతి, లేదంటే 72. "పాత స్టాంపు తర్వాత కూడా వాడుంటారు గదా" అంటాడు మా తమ్ముడు. వాడికి అన్నిటికీ అనుమానమే.

ఫోటోలో మా తాత, పక్కన బండలాగుడు పందెంలో గెలిచిన ఒంగోలు ఎద్దుల జత. ఆ రోజు సంగతి మా మేనత్త చెప్తుంది. ఫోటోగ్రాఫర్ బస్సు దిగి వచ్చాక తాత ఎద్దుల్ని మళ్ళీ కడిగించాడంట. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, మూపురాల మీద పసుపు. ఆయన "రెడీ" అనగానే ఎడమ పక్క ఎద్దు ఈగను తోలుకోవడానికి తల విదిలించింది. ఫోటో కడిగి తెచ్చాక చూస్తే దానికి రెండు మొహాలు! "రెండు మొహాల ఎద్దు మా కొట్టంలో లేదు, డబ్బులివ్వను" అన్నాడు తాత. "ఎద్దు కదిలితే నేనేం చేసేది పెద్దాయనా" అని ఆయన. చివరికి కందులు కొలిచి పంపించారు.

ఆ ఫోటోలో ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. వెనక గోడ మీదుగా సగం తల కనిపిస్తుంది, అది నేనేనని మా మేనత్త, కాదు నేనని మా పిన్నమ్మ. మిగతావాళ్ళంతా పొయ్యి దగ్గర అరిసెలు వండుతున్నారు. కుడి అంచున పగ్గం పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది. ఏడాదంతా ఆ ఎద్దుల్ని సాకిన పాలేరుది. మనిషి ఫోటోలో పడలేదు. "ఆ రోజుల్లో ఊరంతా ఒక్క కుటుంబం" అనేవాళ్ళందరూ ఫోటో మధ్యలో నిలబడినవాళ్ళ మనవళ్ళేనని నా గట్టి నమ్మకం. నేనూ ఆ బాపతే అనుకోండి.

ఇంకో బాధ, లామినేషన్. భద్రంగా ఉంటుందని మా బంధువొకాయన తన పెళ్ళి ఫోటోలన్నిటికీ చేయించాడు. ఆ వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు, లోపల బుడగలొచ్చినా చూస్తూ కూర్చోవాల్సిందే.

పందేలు ఇప్పటికీ ఉన్నాయి. ఎద్దు వయసును పళ్ళను బట్టి లెక్కగట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని విడివిడిగా పెడతారు, లాగిన దూరం అడుగుల్లో కొలుస్తారు. ఫ్లెక్సీలో మాత్రం నాయకుల మొహాల మధ్య ఎద్దును వెతుక్కోవాలి.

మీ ఇంట్లో పాత ఫోటోలుంటే పెద్దవాళ్ళు ఉండగానే పేర్లు అడిగి వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందు పక్కకు గీతలు పడతాయి. అంచున ఉన్నవాళ్ళ పేర్లు ముందు అడగండి. మా పాలేరు పేరు మేనత్తకు కూడా గుర్తులేదు, "పెద్దోడా అని పిలిచేవాళ్ళం" అంటుంది.