కొండల్లో హనీమూన్: దారి ఇద్దరికీ తెలియాలి

సందేహం: డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఫిబ్రవరిలో మా పెళ్ళయింది. నా భార్య హెచ్-4 వీసా మీద మే నెలాఖరున వచ్చింది. హోటళ్ళకు బదులు కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో టెంట్ వేసుకుని నాలుగు రోజులు ఉండాలని, కొండదారుల్లో నడవాలని నా కోరిక. తను ఎప్పుడూ ఇలాంటివి చేయలేదు గానీ సరేనంది. జులైలో వెళ్దామనుకుంటున్నాం. ఏమేమి కొనాలి, ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ముందుగా ఇద్దరికీ శుభాకాంక్షలు. మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. పెళ్ళి హడావుడిలో, వీసా ఎదురుచూపుల్లో ఒకరితో ఒకరు స్థిమితంగా మాట్లాడుకోవడానికి కూడా వీలు చిక్కని జంటకు, ఫోను మోగని చోట నాలుగు రోజులు దొరకడం గొప్ప విషయం. కొనవలసిన వస్తువుల గురించి తర్వాత చెబుతాను. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది.

ఈ ప్రయాణం గురించి తెలిసిన మనిషి ప్రస్తుతం మీరొక్కరే. కారు నడిపేది మీరు, బుకింగ్ ఉండేది మీ ఈమెయిల్‌లో, దారి చూపే మ్యాప్ మీ ఫోనులో. మీ శ్రీమతి ఈ దేశానికి వచ్చి కొన్ని వారాలే అయింది. ఊళ్ళో ఉన్నప్పుడు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఆవిడ పక్కింటి తలుపు తట్టవచ్చు, ఇంటికి ఫోన్ చేయవచ్చు. కానీ కొండ మీద రెండు మైళ్ళు నడిచాక మీ చీలమండ బెణికి కూలబడితే, ఆ తర్వాత చేయవలసినవన్నీ ఆవిడే చేయాలి. ఏ దారిలో ఉన్నారో, క్యాంప్‌గ్రౌండ్ పేరేమిటో, ఎవరిని పిలవాలో తెలియని మనిషి ఆ క్షణంలో ఎంత నిస్సహాయంగా నిలబడుతుందో ఊహించుకోండి. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిని ఆ స్థితిలో పెట్టకూడదు.

కాబట్టి ఒక సాయంత్రం ఇద్దరూ పార్క్ మ్యాప్ ముందు వేసుకుని కూర్చోండి. ఏ రోజు ఎటు నడవాలో ఆవిడను కూడా ఎంచుకోనివ్వండి. కాగితం మీద క్యాంప్‌గ్రౌండ్ పేరు, మీ స్థలం నంబరు, కారు నంబరు రాసి ఆవిడ సంచిలో ఉంచండి. కారుకు రెండో తాళంచెవి ఉంటే అదీ ఆవిడ దగ్గరే ఉండాలి. ఇద్దరి ఫోన్లలోనూ మ్యాప్ ముందే దించి పెట్టుకోండి, పార్క్‌లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతివాటిలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సదుపాయం ఉంది. అది ఎలా వాడాలో ఇంట్లోనే ఇద్దరూ చూసి నేర్చుకోండి. అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే ముందుగా ఎక్కడున్నారని అడుగుతారు, కాబట్టి నడిచే దారి పేరు ఆవిడ నోటికి రావాలి. డల్లాస్‌లో ఒక స్నేహితుడికి మీరు ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఎన్ని గంటల లోపు మీ నుంచి కబురు రాకపోతే పార్క్ వారికి చెప్పాలో రాసి ఇచ్చి వెళ్ళండి.

ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. వెనక్కి వెళ్దామని ఇద్దరిలో ఎవరన్నా సరే, కారణం అడగకుండా తిరగాలి. కొత్త పెళ్ళికూతురు కాళ్ళు నొప్పిగా ఉన్నాయని, భయంగా ఉందని అంత తేలిగ్గా చెప్పదు. మీ ఉత్సాహం చూసి మౌనంగా నడుస్తుంది. మీరూ ఆమె ముందు అలసట దాచుకుని ఇంకో అరమైలు లాగాలని చూస్తారు. కొండల్లో ఈ మొహమాటం ప్రమాదకరం. ఉదయం బయలుదేరేటప్పుడే తిరుగు సమయం ఖాయం చేసుకోండి. ఆ గంట కొట్టగానే శిఖరం కనబడుతున్నా వెనుదిరగాలి.

మొహమాటం మాట వచ్చింది కాబట్టి, సాధారణంగా ఎవరూ రాయని విషయం రాస్తాను. మరుగుదొడ్డి దూరమని, మీతో చెప్పడానికి సిగ్గని, ఆవిడ నీళ్ళు తాగడం మానేయవచ్చు. ఆ ఎత్తులో పొడి గాలికి ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. తలనొప్పితో పాటు కొత్త జంటల్లో స్త్రీలకు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. కాబట్టి ఆ సంగతి మీరే ముందు మాట్లాడండి. క్యాంప్‌గ్రౌండ్లలో మరుగుదొడ్లు ఉంటాయి. నడకదారిలో అయితే నీళ్ళకు, బాటకు 200 అడుగుల దూరంగా వెళ్ళాలి. అంటే దాదాపు 70 పెద్ద అంగలు వేయాలి. 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వి పూడ్చాలి. వాడిన కాగితం, శానిటరీ ప్యాడ్లు సంచిలో మూసి వెనక్కి తెచ్చుకోవాలి. నెలసరి తేదీలు చూసుకుని ప్రయాణం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, ఆవిడను అడిగే తేదీలు నిర్ణయించండి.

ఇక ఎత్తు సంగతి. డల్లాస్ సముద్రమట్టానికి సుమారు 430 అడుగుల ఎత్తున ఉంది. మీరు టెంట్ వేయబోయే మొరైన్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్ 8,160 అడుగుల మీద, గ్లేసియర్ బేసిన్ 8,500 అడుగుల మీద ఉన్నాయి. ఒక్క రోజులో అంత ఎత్తుకు వెళ్ళి అక్కడే పడుకుంటే చాలామందికి తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, వికారం వస్తుంది, నిద్ర పట్టదు. అందుకే మొదటి రాత్రి 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో గది తీసుకోండి. వీలుంటే మరో రాత్రి 7,522 అడుగుల మీద ఉన్న ఎస్టెస్ పార్క్ ఊళ్ళో గడపండి. టెంట్‌లోకి వెళ్ళిన మొదటి రోజు స్ప్రేగ్ లేక్ చుట్టూ మెల్లగా నడిస్తే చాలు, అది చదునైన బాట. ఆ మర్నాడు బేర్ లేక్ నుంచి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ సరస్సుల దాకా వెళ్ళండి. రానూపోనూ మూడున్నర మైళ్ళ చిల్లర నడకలో మూడు సరస్సులు, వాటి వెనక నిటారు కొండలు చూడవచ్చు. కొత్తవారికి ఇంతకన్నా మంచి దారి ఆ పార్క్‌లో నాకు తెలియదు. 14,259 అడుగుల లాంగ్స్ పీక్ మీద కన్ను వేసి ఉంటే, ఈసారికి ఆ ఆలోచన వదిలేయండి. అది చేతులతో పట్టుకుని రాతి అంచుల మీద పాకవలసిన దారి. తలనొప్పి విశ్రాంతితో తగ్గకపోయినా, నడక తూలినా, ఊపిరి అందకపోయినా, రాత్రయినా సరే కిందికి దిగాలి. దిగడమే దానికి అసలు మందు. ఆ ఎత్తులో మొదటి రోజుల్లో మద్యం వద్దు.

జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో అక్కడ మెరుపులూ పిడుగులూ మామూలే. సుమారు 11,400 అడుగుల పైన చెట్లు ఉండవు, మనిషే అక్కడ ఎత్తయిన వస్తువవుతాడు. తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నం 12 గంటలకల్లా చెట్ల వరుస కిందికి వచ్చేయాలి. ఉరుము వినబడిందంటే తిరగవలసిందే. పిడుగు నుంచి కారు కాపాడుతుంది, టెంట్ కాపాడదు.

మీరు అడిగిన సామాను సంగతికి వస్తాను. ఒక్కసారి వాడడానికి అన్నీ కొనకండి. టెంట్, స్లీపింగ్ బ్యాగ్, కింద వేసుకునే ప్యాడ్ అద్దెకు దొరుకుతాయి. ఆర్‌ఈఐ లాంటి దుకాణాల్లో అడగండి. ఇద్దరి టెంట్ అని రాసి ఉన్నదానిలో ఇద్దరు కదలకుండా పడుకోవలసిందే, సంచులకు చోటుండదు. ముగ్గురిది తీసుకోండి. జులైలో కూడా అక్కడ రాత్రి 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద ముద్రించిన ఉష్ణోగ్రత చాలాసార్లు తట్టుకోగలిగిన హద్దు మాత్రమే, హాయిగా నిద్రపట్టే అంకె దానికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఆ రెండో అంకె చూసి తీసుకోండి. జిప్పులు కలిపి ఒకే పెద్ద సంచిగా మార్చుకోగల జతలు కూడా ఉన్నాయి, అడిగి తెచ్చుకోండి. ప్యాడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది కింది నేలే.

తెచ్చాక ఒకసారి ఇంటి దగ్గరి పార్క్‌లో ఆవిడే టెంట్ వేసి చూడాలి, మీరు పక్కన ఉండి సాయం పట్టండి. బూట్లు కనీసం రెండు వారాల ముందు నుంచి వేసుకుని తిరగాలి. నూలు బట్టలు తడిస్తే ఆరవు, చలి పట్టేస్తుంది. ఉన్ని, పాలిస్టర్ మేలు. కొత్త ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్ళండి. నడిచేటప్పుడు వేళ్ళు వాచి ఉంగరం బిగుసుకుంటుంది. మంగళసూత్రం ఉంచుకుంటారా, తీసి భద్రపరుస్తారా అన్నది ఆవిడ ఇష్టం. సంచి పట్టీ కింద ఒరుసుకోకుండా మాత్రం చూసుకోవాలి.

తిండి విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఈ పార్క్‌లో ఉన్నవి నల్ల ఎలుగుబంట్లు. వాటి ముక్కు మహా చురుకు. ఆవకాయ సీసా, పులిహోర డబ్బా, కారప్పూస, జంతికలే కాదు, కొబ్బరినూనె, టూత్‌పేస్టు, సబ్బు, పెదవులకు రాసుకునే క్రీమ్ కూడా టెంట్‌లో ఉండకూడదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఆహారం దాచే ఇనుప పెట్టెలు ఉంటాయి. రాత్రే కాదు, మీరు పక్కన లేని ప్రతిసారీ అన్నీ అందులో పెట్టి గడియ వేయాలి. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపేయవలసి వస్తుంది. మీ డబ్బా వల్ల ఆ పరిస్థితి రాకూడదు. ఎలుగుబంట్లకు, మూస్ అనే భారీ జింకలకు కనీసం 120 అడుగులు, ఎల్క్ జింకలకు 75 అడుగుల దూరంలో ఉండాలన్నది పార్క్ నియమం. ఫొటో కోసం కూడా దగ్గరికి వెళ్ళవద్దు.

8,500 అడుగుల మీద నీళ్ళు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, అన్నం పలుకుగా ఉంటుంది. చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి, లేదా ఉప్మా, అటుకులు, ముందే వండి ఎండబెట్టిన పొట్లాలతో సరిపెట్టుకోండి. వాన పడుతున్నా సరే స్టవ్ టెంట్ లోపల వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా వడపోయాలి, లేదా కాచాలి. 6,500 అడుగుల పైన 3 నిమిషాలు మరగనివ్వాలి. కట్టెలు డల్లాస్ నుంచి మోసుకెళ్ళకండి, వాటితో పురుగులు కొత్త అడవికి చేరతాయి. 2020లో రెండు పెద్ద కార్చిచ్చులు ఈ పార్క్‌లో సుమారు 30,000 ఎకరాలను కాల్చేశాయి. నిప్పు నిషేధం ఉందో లేదో వెళ్ళిన రోజే రేంజర్లను అడగండి.

జులై తేదీలకు క్యాంప్‌గ్రౌండ్ దొరకడం కష్టమే. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్లో ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, తెరిచిన వెంటనే నిండిపోతాయి. రద్దయిన స్థలాల కోసం రోజూ చూస్తూ ఉండండి. నన్నడిగితే సెప్టెంబరు మధ్యకు మార్చుకోమంటాను. జనం తగ్గుతారు, పిడుగులు తగ్గుతాయి, ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు తిరుగుతాయి, సాయంత్రాలు ఎల్క్ మగజింకల పిలుపులు వినవచ్చు. చలి మాత్రం ఎక్కువ, రాత్రి నీళ్ళు గడ్డకట్టవచ్చు. 12,183 అడుగుల దాకా వెళ్ళే ట్రయిల్ రిడ్జ్ రోడ్డు సాధారణంగా అక్టోబరు మధ్యవరకు తెరిచే ఉంటుంది, మధ్యలో మంచు పడితే మూసేస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో వేసవి నుంచి అక్టోబరు దాకా పార్క్‌లోకి వెళ్ళడానికి ముందే సమయం కేటాయించుకోవలసి వస్తోంది. ఆ అనుమతి సంగతీ అదే సైట్లో చూసుకోండి.

2026 జనవరి నుంచి అమెరికాలో నివసించేవారికి, బయటి దేశాల నుంచి వచ్చేవారికి పార్క్ రుసుములు వేరయ్యాయి. ఇక్కడివారికి వార్షిక పాస్ 80 డాలర్లే. నివాసం రుజువు చేయడానికి మీ డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఉంచుకోండి. ఇద్దరి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు పత్రం) ప్రతులు కూడా వెంట ఉండాలి.

ఇక బీమా. పెళ్ళయ్యాక భార్యను కంపెనీ ఆరోగ్య బీమాలో చేర్చడానికి చాలా చోట్ల 30 రోజుల గడువే ఉంటుంది. మీరు ఆ గడువులో చేర్చారో లేదో రాయలేదు. చేర్చకపోతే, ఆవిడ ఇక్కడికి వచ్చిన తేదీని బట్టి అవకాశం ఉందేమో మీ కంపెనీ హెచ్‌ఆర్ వారిని ఈ వారమే అడగండి. లేదంటే ప్రయాణ రోజులకైనా విడిగా బీమా తీసుకోండి. కొలరాడోలో తప్పిపోయినవారిని వెతికి తెచ్చే స్వచ్ఛంద దళాలు డబ్బు అడగవు గానీ, హెలికాప్టర్ అంబులెన్సు బిల్లు వేలల్లో ఉంటుంది. బీమా కాగితం చేతికి వచ్చాకే టెంట్ అద్దెకు అడ్వాన్సు కట్టండి.