ఆదివారం విశ్వాసం సోమవారం దాకా నిలవడం లేదన్నవారికి

ఆదివారం ఆరాధనలో కళ్లనీళ్లు వస్తాయి, సోమవారం ఆఫీసులో కూర్చునేసరికి దేవుడు గుర్తే రాడు, పొద్దున ప్రార్థనకి టైమ్ ఉండదు, నాది నిజమైన విశ్వాసమేనా అని అడిగారు. వందనాలండీ. నాకు జరిగింది చెప్తాను.

మూడేళ్ల కిందట నా ఉద్యోగం పోయింది. మియాపూర్‌లో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లల ఫీజులు. అప్పటిదాకా తెల్లవారుజామున గంటసేపు మోకాళ్లూనితేనే ప్రార్థన అనుకునేవాణ్ణి. ఆ టెన్షన్‌లో మోకాళ్లూనినా ఒక్క మాట వచ్చేది కాదు. యేసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన మొదలుపెట్టి 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' దగ్గర ఆగిపోయేవాణ్ణి. చిన్నప్పటి నుంచి ఎన్ని వేలసార్లు చెప్పానో, అందులో 'నేడు' అన్న మాట మాత్రం అప్పుడే వినపడింది. ప్రభువు అడగమన్నది ఈ రోజు మటుకే. బైబిల్లో నిర్గమకాండము 16లో, ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం మన్నా సంగతీ అంతే కదా, తెల్లారేదాకా దాచుకుంటే పురుగులు పట్టాయి, విశ్రాంతి దినానికని ఆరో రోజు ఏరుకున్నది తప్ప.

అమ్మ గుర్తొచ్చింది. మాది మెదక్ వైపు. ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక గుప్పెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేసేది, వేస్తూ ఎవరో ఒకరి పేరు పెట్టి గొణుక్కుంటూ ప్రార్థన చేసి మళ్లీ పొయ్యి ఊదుకునేది. నిమిషం పట్టేది కాదు. నెలాఖరుకి ఆ బియ్యం చర్చికి పోయేవి. మెదక్ పెద్ద చర్చిని మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించారు, పదేళ్లు పట్టి 1924లో పూర్తయింది. మా ముత్తాత అక్కడ రాళ్లు మోసి ఇల్లు గడిపాడట. ఆ అన్నం బాకీ ఈ గుప్పెడు అనేది అమ్మ.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున కుక్కర్ పెట్టేది నేనే. డబ్బా స్టీలుది, అంతే తేడా. రోజుకొక పేరు. మీకు కన్నీళ్లు రాకపోవడం అవిశ్వాసమని నేననుకోను, నాకూ చాలా రోజులు ఏమీ అనిపించదు, ఆ పేరు మాత్రం మానను. నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజరు పేరు చెప్పడానికి ఏడాది పట్టింది. మొదటిసారి కోపంతోనే చెప్పాను, గుప్పెడు బియ్యంలో సగం కిందపడ్డాయి, ఏరి డబ్బాలో వేశాను.

రేపు పొద్దున ఒక్క పేరుతో మొదలుపెట్టండి. మీ ఇంట్లో బియ్యం కడిగేది ఇంకొకరైతే ఆ పని మీరే అడిగి తీసుకోండి.